ఒక్క ‘ది’ ఎక్కువ

బేబీకి లాటిన్ వచ్చంటే మలక్‌పేటల ఒక్కలు గూడ నమ్మకపోయేది. రేసుకోర్సు గోడ దిక్కు రేకుల షెడ్డు, ముంగట నల్లరాళ్లు, షాబాద్ బండలు, నెత్తికి తువ్వాల కట్టుకోని ఉలి పట్టిన నలబై ఆరేండ్ల ఆడమనిషి. గీమెకు లాటినేంది భాయ్, ఇంగ్లీషే సగం సగం అని నవ్వేటోళ్లు. నవ్వనియ్యుర్రి. పదో తరగతి తప్పిన బేబీ, రెండువేల ఏండ్ల కిందటి భాషల రెండు మాటలకు అతుకు ఎట్ల పెట్టాల్నో చెప్పేది. చెప్పుడే గాదు, రాయి మీద చెక్కి చూపెట్టేది. ఆఖరికి ఆ చదువే ఆమె కొంప ముంచింది. తప్పు మాట్లాడిన, చదువు గాదు, చదువు చెప్పినోడు ముంచిండు. ఎట్లనో చెప్త ఇనుర్రి.

బేబీ నాయిన డానియేలు నలబై ఏండ్లు సమాధి రాళ్లు చెక్కిండు. వాళ్ల చర్చి ఎన్క పాత సమాధుల తోట ఉన్నది. అండ్ల ఎన్నడో పోయిన ఫాదర్లవి, సిపాయిలవి ఇరవై ఆరు రాళ్లు, అన్నిటి మీద లాటినే. వానలకు, ఎండలకు అక్షరాలు అరిగిపోయి, చెయ్యి పెట్టి తడిమితే తప్ప తెల్వకుంట అయినయ్. వాటిని తన చేతుల మీద మల్ల చెక్కాలని డానియేలుకు మస్తు ఆశ. కాని ఆయనకు లాటిన్ రాదు, అక్షరాన్ని బొమ్మ లెక్క చూసి చెక్కేటోడు. సగం అరిగిన బొమ్మను ఎట్ల చెక్కుతరు? అందుకని కూతురికన్న ఆ భాష రావాలని, తన దోస్తు ఆనందరావును బతిమాలిండు.

ఆనందరావు ఫాదర్ కావాలని చిన్నప్పుడు ఆరేండ్లు గురువిద్యాలయంల చదివి, నడుమల ఇడిసిపెట్టి వచ్చినోడు. తర్వాత రైల్వేల క్లర్కు జేసి రిటైరయిండు. పెండ్లి జేసుకున్నడు, ఒక్కతే బిడ్డ రూప. రైల్వే నౌకరి ఆయన పొట్ట నింపింది గాని, మనసంత ఆ ఆరేండ్ల లాటిన్ దగ్గరనే ఉండె. ఇనేటోడు దొరికితే చాలు, చాయ్ చల్లారిపోయినా సోయి ఉండకపోయేది. బేబీ ఆయనను ‘చిన్నబాపు’ అని, నాయిన తమ్ముని లెక్క, పిలిచేది. నాయిన దోస్తును అట్ల పిలుసుడు మామూలే గాని, బేబీ నిజంగనే చిన్నబాపు అనుకున్నది. అదే ఆమె చేసిన పొరపాటు.

పదకొండేండ్లు చదువు నడిచింది, షెడ్డులనే, రాతి పొడి నడుమనే.

“బిడ్డా, గుర్రం ఒకటి, బండి ఒకటి. రెండు కలిపితే ఏమంటం?”

“గుర్రపుబండి.”

“గుర్రంబండి అని ఎందుకనం?”

“ఏమో చిన్నబాపు, అట్లెవలనరు గద.”

“గదే! గుర్రం తన తోకకున్న సున్న తెంపుకున్నది, నడుమ ‘పు’ వచ్చి కూసున్నది. లాటిన్ల గూడ గంతే. రెండు మాటలు ఒక్కింట్ల కాపురం పెట్టాలంటే మొదటిది తోక తెంపుకోవాలె. నడుమ మన ‘పు’ గాదు, చిన్న ‘ఇ’ వస్తది.”

తోక తెంపుకుంట తెంపుకుంట ఒళ్లు గూడ తెంపుకోవద్దు గద, మరి ఏది తోక, ఏది ఒళ్లు? దానికి గూడ ఆయన దగ్గర ఒక ఉపాయం ఉండె. ‘ఎవనిది’ అని అడుగు, అసలు ఒళ్లు బయటపడ్తది అనేటోడు. లూక్స్ అంటే వెలుగు. వెలుగుది అనాలంటే లూచిస్. ఆ చివరి ‘ఇస్’ తీసెయ్, మిగిలింది ఒళ్లు. దానికి ‘ఇ’ పెట్టు, ‘ఫెర్’ పెట్టు. ఫెర్ అంటే మోసేటోడు. లూచిఫెర్, వెలుగు మోసేటోడు.

“అయ్యో, అది సైతాన్ పేరు గాదు?” బేబీ రొమ్ము మీద సిలువ గుర్తు వేసుకున్నది.

“మాటకేం పాపం బిడ్డా? మోసినోడు చెడిపోయిండు.”

గంత మంచిగ చెప్పేటోడు. చేనుకు ఆజెర్, చేనుది ఆగ్రి, దున్నేటోడు ఆగ్రికొలా. బాకాకు తూబా, బాకా ఊదేటోడు తూబిచెన్. బేబీకి అది ఎంత మోజైందంటే, సొంతంగ మాటలు కట్టుడు షురూ జేసింది. ఒక దినం లాడ్ బజార్‌కు పోయి, లక్క గాజులు చేసే ముసలాయన ముంగట నిలబడి, గాజుకు ఆర్మిల్లా, చేసేటోడు ఫెక్స్, “చాచా, ఆప్ ఆర్మిల్లిఫెక్స్ హై” అన్నది. ఆయన “అల్లా ఖైర్ కరే, యే కౌన్‌సీ బీమారీ హై?” అని, అదేదో రోగం పేరనుకోని భయపడ్డడు. ఉస్మాన్‌గంజ్‌ల మిరపకాయ బస్తాలు మోసే హమాలీకి సాచ్చిఫెర్, బస్తా మోసేటోడు, అని పేరు పెట్టింది. ఆనందరావు దగ్గొచ్చేదాంక నవ్వి, “రోమోళ్లకు గూడ గీ మాట తట్టిందో లేదో బిడ్డా” అన్నడు. తోక తెంపు, ‘ఇ’ పెట్టు, అతుకు. ప్రతిసారి సరిగ్గ కుదిరేది. పద్ధతి మీద ఎంత నమ్మకమో పద్ధతి చెప్పిన మనిషి మీద గంత నమ్మకం.

పోయిన వానకాలంల డానియేలు కాలం చేసిండు. ఆ మీది నెలలనే చర్చి నూటయాబై ఏండ్ల పండుగ దగ్గరికొస్తున్నదని కమిటీ కూసోని, ఆ ఇరవై ఆరు రాళ్లు మల్ల చెక్కియ్యాలని అనుకున్నరు. ఫాదర్ బేబీని పిలిచి, “మీ నాయిన ఆశ నీ చేతుల మీద తీరితే మంచిదే. కాని లాటిన్ల తప్పు పోవద్దు బేబీ. ఆనందరావు గారు నీ లాటిన్ బాగుందని చెప్తే కమిటీ ఒప్పుకుంటది,” అన్నడు. బేబీకి ఇగ ఫికరేముంటది? ఆనందరావే గద చెప్పాల్సింది! ఆ పొద్దు చర్చి నుంచి షెడ్డుకు నడిచొచ్చుడు గాదు, ఎగిరొచ్చింది.

ఆమెకు తెల్వని సంగతి ఒకటుండె. ఆనందరావు అల్లుడు విశాల్ కంప్యూటర్‌తోటి రాయి మీద అక్షరాలు కోసే మిషిన్ కొన్నడు. కొన్నడు గాని పని లేదు, మిషిన్ మీద దుప్పటి కప్పి ఉంది. రూప దినాం నాయిన దగ్గరికొచ్చి ఏడుస్తున్నది. ఇరవై ఆరు రాళ్లు, అన్ని ఒక్క చోట! గంత పెద్ద పని మల్ల ఎప్పుడు దొరుకుతది?

ఇట్లుండంగ ఒక మాపటేళ బేబీ చాయ్ పోసిచ్చి అన్నది, “చిన్నబాపు, బాపు సమాధి రాయి తయారైంది. పేరు కింద లాటిన్ల ఒక్క మాట పెడ్త. రాయి కొట్టేటోడు అని. నువ్వు చెప్పకు, నేనే కడ్త ఆగు. రాయికి లాపిస్. రాయిది అంటే లాపిదిస్. తోక తెంపితే లాపిద్. నడుమ ‘ఇ’. కొట్టేటోడు చీదా. లాపిదిచీదా! కరెక్టేనా?”

ఆనందరావు చాయ్ గిలాస దిక్కు చూసుకుంట కూసున్నడు.

“కరెక్టేనా చిన్నబాపు?”

“కరెక్టే బిడ్డా,” అన్నడు. గోడకున్న క్యాలెండర్ల పాత నెల కాగితం చింపి, ఎన్క దిక్కు పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలల్ల ఆ మాట రాసిచ్చిండు. చాయ్ పూర్తిగ తాగకుంటనే లేచి పోయిండు.

బేబీ ఆ కాగితాన్ని రాతికి ఆనించి పెట్టుకోని నాలుగు దినాలు చెక్కింది. మిషిన్ కాదు, ఉలే. నాయిన పేరు, పుట్టిన తారీకు, పోయిన తారీకు, కింద లాపిదిచీదా. ఆ రాయి సమాధి మీద పెట్టిన దినం తల్లి ఆగమ్మ అక్షరాల మీద చెయ్యి తిప్పి, “నున్నగున్నయి బిడ్డా,” అన్నది. ఆగమ్మకు చదువు రాదు, నున్నగ ఉన్నయో లేవో మాత్రం తెలుస్తది. పెనిమిటి రాళ్లను నలబై ఏండ్లు తుడిచిన చెయ్యి అది.

ఆ తర్వాత ఆదివారం పూజ అయినంక కమిటీ కూసున్నది. బేబీ మంచి చీర కట్టుకోని పోయింది. విశాల్ కూడ వచ్చిండు. ఈడెందుకొచ్చిండు అనుకున్నది గాని, మామతోటి వచ్చినట్టుంది అని ఊకున్నది. విశాల్ జేబులకెల్లి ఫోన్ తీసి ఫాదర్‌కు చూపెట్టిండు. ఫోన్ల డానియేలు రాయి ఫోటో. కింది మాట చుట్టు ఎర్రగ గీత గీసి ఉంది.

“ఫాదర్, సొంత నాయిన రాయి మీదనే తప్పు చెక్కినామెకు ఇరవై ఆరు రాళ్లు ఎట్లిస్తరు?” అన్నడు.

ఫాదర్ లోపలికి పోయి లావు డిక్షనరీ తెచ్చిండు. పేజీలు తిప్పి, కండ్లద్దాలు సరిచేసుకోని, నెమ్మదిగ చెప్పిండు. “పద్ధతి ప్రకారం నువ్వు రాసిందే రావాలె బేబీ. కాని ఆ భాష మాట్లాడినోళ్లకు ‘ది’ ఎన్క ‘చీ’ పలుకుడు కష్టమైందో ఏమో, నడుమ ‘ది’ మింగేసిన్రు. లాపిచీదా అనే అన్నరు. నువ్వు రాసిన మాట ఈ డిక్షనరీల లేదమ్మా.” తర్వాత అటు మల్లి, “ఆనందరావు గారూ, మీరు చెప్పుర్రి. ఇది తప్పేనా?” అని అడిగిండు.

బేబీకి అప్పటికి గూడ భయం లేదు. తప్పు పోయింది, సరే. చిన్నబాపు ఉన్నడు గద. ‘నేనే రాసిచ్చిన ఫాదర్, ఆ పిల్లను ఏమనకుర్రి’ అంటడు. అనాలె. అంటడు.

ఆనందరావు కండ్లద్దాలు తీసి పంచె అంచుతోటి తుడిచిండు. “తప్పే,” అన్నడు.

బేబీ ఇంకో మాట కోసం చూసింది. ఆయన మల్ల అద్దాలు పెట్టుకున్నడు. తడిగుడ్డతోటి గొంతు కోసుడంటే ఏందో అప్పటిదాంక ఆమె వట్టి సామెత అనుకున్నది. ‘చిన్నబాపే చెప్పిండు’ అందామనుకున్నది. నాయిన చచ్చిపోయినంక నాయిన లెక్క చూసుకున్న మనిషిని నలుగుట్ల దొంగ అనాలంటే నోరెట్లొస్తది? ఆమె అనలే. కమిటీ రాళ్ల పని విశాల్‌కు ఇచ్చింది.

ఇంటికొచ్చి ఆగమ్మకు, “రాయి మీద ఒక తప్పు పోయిందమ్మా, దిద్దుత,” అని మాత్రం చెప్పింది. ఎవలు చెప్తే పోయిందో చెప్పలే. చెప్పబోతె నోట్లెకెల్లి ఏడుపొస్తదని ఊకున్నది. అన్నం ముంగట కూసోని ముద్ద కలిపి, కలిపినట్టే చెయ్యి కడుక్కున్నది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయట! పదకొండేండ్లు నానబోసిన, నా తల్లి, పదకొండేండ్లు!

తెల్లారి ఆ క్యాలెండర్ కాగితం పట్టుకోని ఆనందరావు ఇంటికి పోయింది. తలుపు తీసింది రూప. బేబీ మొఖం చూసి లోపలికి పోయి వంటింటి తలుపు దగ్గరేసుకున్నది. ఆనందరావు కుర్చీల కూసోని ఉండె.

“నీకెరుకేనా చిన్నబాపు? నేను అడిగినప్పుడే ఎరుకేనా?”

“కూసో బిడ్డా.”

“కూసోను. చెప్పు.”

“నువ్వు డిక్షనరీ చూస్తవనుకున్న,” అన్నడు ఆయన. “రాతి మీద పెట్టేముందు ఒక్కసారి చూస్తే తెలిసేది. ఫాదర్ దగ్గరుంది గద. అట్ల చూసుకునే అలవాటుండాలె...”

“నువ్వుండంగ నాకు డిక్షనరీ ఎందుకు?”

ఆనందరావు తల వంచుకున్నడు. “ఎరుకనే,” అన్నడు. “నువ్వు మాట కట్టి చెప్పంగనే నా నోట్లెకు వచ్చింది, ‘ది’ తీసెయ్ బిడ్డా అని. రూప మొఖం యాదికొచ్చింది. నేనేం అబద్ధం చెప్పలే, పద్ధతి ప్రకారం నువ్వు కట్టింది కరెక్టే గద అని మనసుకు సర్ది చెప్పుకున్న. విశాల్‌కు గూడ నేనే చెప్పిన. కన్నబిడ్డ కోసం తప్పు జేసినోన్ని నేనొక్కన్నేనా...”

“మరి నేనెవలి బిడ్డను? పదకొండేండ్లు బిడ్డా బిడ్డా అన్నవ్, ఆ మాటకు అర్థం డిక్షనరీల చూసుకోవాల్నా నేను?” బేబీ గొంతు వంటింటి తలుపు దాటి పోయింది. “పని మీ అల్లునికి కావాలంటే నన్నడిగితే పదమూడు రాళ్లు ఇచ్చేదాన్ని గాదా? మా బాపు రాయే దొరికిందా నీకు? నీ దోస్తు రాయి! నీ కండ్ల ముంగట చాయ్ తాగిన మనిషి రాయి!”

కాగితం తీసి ఆయన ముంగట పెట్టింది. ఇగో, నీ చేతిరాత. ఫాదర్‌కు చూపెట్టుదామా అని అడగడానికే తెచ్చింది. ఆనందరావు ఆ కాగితాన్ని తీసుకోని, దగ్గరికి పట్టి, సదువుకున్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. జేబులకెల్లి పెన్ను తీసిండు. నడుమనున్న డి, ఐ రెండు అక్షరాలను, ఆ ‘ది’ని, అడ్డంగ కొట్టేసి, మీద శుభ్రంగ లాపిచీదా అని రాసి, కింద పొట్టి సంతకం గూడ పెట్టిండు. ఇన్నేండ్లు ఆమె పలక మీద దిద్దినట్టే దిద్దిండు.

“ఇగో బిడ్డా. ఇప్పుడు కరెక్ట్,” అని ఆమెకు చాపిండు.

బేబీ ఆ కాగితం దిక్కు చూసింది. ఇగ దీన్ని ఎవలికి చూపెడ్తది? చూసినోళ్లు ఏమంటరు? గురువు ముందుగాలనే దిద్దిచ్చిండు, పిల్లనే చూసుకోకుంట చెక్కింది అంటరు. ఆయన కావాల్నని జేసిండో, అలవాటు కొద్ది చెయ్యి గట్ల పోయిందో, కండ్లల్ల నీళ్లున్న మనిషిని చూస్తే తెలుస్తలేదు. తెల్వకపోవుడే ఆమెకు ఎక్కువ మండింది. ఆయన గూడ కాగితం దిక్కు, ఆమె దిక్కు చూసి, ఏం జేసిండో అర్థమైనట్టు పెన్ను కింద పెట్టిండు. కాని ‘పోదాం పా, ఫాదర్‌తోటి నేనే చెప్త’ అనలే.

“ఇది నీ దగ్గరనే ఉంచుకో,” అన్నది బేబీ. చిన్నబాపు అనలే. అట్లనే నడిచొచ్చింది.

బుధవారం పొద్దుగాల గ్రైండర్, సుద్దముక్కలు, నీళ్ల డబ్బా ఆటోల వేసుకోని సమాధుల తోటకు పోయింది. ఆగమ్మ గూడ ఎంట వచ్చి, పక్క సమాధి గట్టు మీద కూసున్నది. తోటల ఆ చివర విశాల్ మనుషులు మొదటి పాత రాయిని తవ్వి తీస్తున్నరు. బేబీ అటు చూడలే.

“ఆ రెండక్షరాలే తీసెయ్యరాదు?” అని అడిగింది ఆగమ్మ.

“రాదమ్మా. లోతుకున్నయ్ గద. రాయి మొఖమంత అరగదియ్యాలె.”

“మరి మీ బాపు పేరు?”

“అదీ పోతది. మల్ల చెక్కుత.”

గ్రైండర్ మోత పెట్టింది. మొదలు తారీకులు పోయినయ్, తర్వాత పేరు పోయింది, ఆ మాట అన్నిటికన్న లోతుగ ఉండె, ఆఖరికి అదీ పోయింది. తెల్లటి పొడి బేబీ కండ్ల రెప్పల మీద, ఆగమ్మ కొంగు మీద పడ్డది. రెండు గంటలకు రాయి మొఖం కొత్త పలక లెక్క అయింది. బేబీ నీళ్లు పోసి కడిగి, ఆరినంక, సుద్దముక్క తీసుకోని మోకాళ్ల మీద కూసున్నది.

డానియేలు పేరు ఆమె ఇంగ్లీషు అక్షరాలల్ల ఎన్నిసార్లు రాసిందో లెక్క లేదు. షెడ్డు బోర్డు మీద, రసీదు పుస్తకాల మీద, ఆస్పత్రి కాగితాల మీద. మొదటి మూడక్షరాలు రాసింది. ఆడ చెయ్యి ఆగింది. ఇప్పుడు ఐ వస్తదా, ఈ వస్తదా? ఐ వచ్చి ఈ వస్తదా? ఐ అని రాసింది, తుడిచింది. ఈ అని రాసింది, అది కండ్లకు వింతగ అగుపడ్డది, అదీ తుడిచింది. గిది ఎవలు నేర్పిన్రు నాకు? నేర్పినోళ్లు సరిగ్గనే నేర్పిన్రా? మల్ల ఐ రాసి, ఈ రాసి, ఎల్ రాసి, ఎన్కకు జరిగి చూసింది. కరెక్టే అనిపిస్తున్నది. లాపిదిచీదా గూడ గట్లనే కరెక్టనిపించింది.

“అమ్మా,” అన్నది, “బాపు పేరు గిట్లనే రాస్తరు గదా?”

ఆగమ్మ గట్టు దిగి వచ్చి, వంగి, సుద్ద గీతల దిక్కు జర సేపు చూసింది.

“నాకేమెరుక బిడ్డా,” అన్నది. “మీ చిన్నబాపునడుగు.”